మూడో అక్షం మీద ఏముంది?

సప్తర్షి మండలం దిక్కున, మనకు సుమారు 4.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఎన్‌జీసీ 3198 అనే సర్పిలాకార గెలాక్సీ ఉంది. మామూలు ఫొటోలో అది ఏటవాలుగా పట్టుకున్న పళ్లెంలా కనిపిస్తుంది. అదే గెలాక్సీలోని హైడ్రోజన్ వాయువును రేడియో టెలిస్కోపులతో కొలిచిన ఫైలును బ్లెండర్ లాంటి త్రీడీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, మౌస్‌తో పక్కకు తిప్పితే పళ్లెం మాయమవుతుంది. దాని చోట మెలితిరిగిన రిబ్బను ఒకటి తేలుతుంది. నడుమ నిటారుగా లేచి, రెండు కొసలూ చదునుగా సాగిన రిబ్బను. మొదటిసారి చూసినవాళ్లు గెలాక్సీని పక్క నుంచి చూస్తే ఇలా ఉంటుంది కాబోలు అనుకుంటారు. అలా ఉండదు. ఆ వైపు అక్షం మీద ఉన్నది దూరం కాదు, వేగం.

ఖగోళ డేటాకు త్రీడీ రూపం ఇవ్వడంలోని చిక్కంతా ఈ ఒక్క బొమ్మలో ఉంది. ఒక చుక్క ఆకాశంలో ఏ దిక్కున, ఎంత ఎత్తున ఉందో టెలిస్కోపు బహు చక్కగా చెబుతుంది. ఎంత లోపల ఉందో మాత్రం చెప్పలేదు. త్రీడీ సాఫ్ట్‌వేర్‌కు మూడు సంఖ్యలూ కావాలి, రెండే ఇస్తే ఊరుకోదు. ఆ మూడోది ఎక్కడి నుంచి తెచ్చి పెట్టారన్నదాన్ని బట్టి ఆ బొమ్మ కొలతా, గ్రాఫా, ఊహా అన్నది తేలుతుంది. తెర మీద మూడూ ఒకేలా మెరుస్తాయి, అదే ఇబ్బంది.

ఈ పనికి శాస్త్రవేత్తలు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్‌లలో ఒకటి బ్లెండర్. అది ఆకాశం కోసం పుట్టింది కాదు. 1990లలో నెదర్లాండ్స్‌లోని ఒక యానిమేషన్ స్టూడియో తన సొంత అవసరానికి రాసుకున్న పనిముట్టు. దాన్ని అమ్మిన కంపెనీ 2002లో మూతపడితే, దాని కర్త టాన్ రోసెండాల్ పిలుపుతో వాడకందార్లు ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి కోడ్‌ను విడిపించారు. ఆ ఏడాది అక్టోబరు నుంచి అది అందరి సొత్తు. సినిమా బొమ్మలు చేసేవాళ్ల పనిముట్టు ఖగోళ శాస్త్రవేత్తల చేతికి రావడానికి కారణం దాని లోపల ఉన్న పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష. ఖగోళ డేటాను చదివే పని ఎలాగూ పైథాన్‌లోనే సాగుతోంది. అమెరికా జాతీయ రేడియో ఖగోళ వేధశాలకు చెందిన బ్రయన్ కెంట్ 2013లో ఒక పరిశోధన పత్రం రాసి, గెలాక్సీల డేటాను బ్లెండర్‌లోకి ఎలా తేవాలో దశలవారీగా చూపించారు. తర్వాత జిల్ నైమన్ కంప్యూటర్ అనుకరణల ఫలితాలను నేరుగా బ్లెండర్‌లో తెరిచే ఆస్ట్రోబ్లెండ్ అనే తోడు పనిముట్టు తయారుచేశారు.

ఖగోళ డేటా సాధారణంగా ఫిట్స్ అనే ఫార్మాట్‌లో వస్తుంది. 1981 నుంచి ఉన్నది. ఫైలు తలకట్టులో ఒక్కో వరుసకు సరిగ్గా 80 అక్షరాలు ఉంటాయి, పంచ్ కార్డుల కాలం నాటి వాసన ఇంకా పోలేదు. ఆ తలకట్టు పాతదే కానీ చాలా నిజాయితీ గలది. మొదటి అక్షం ఏమిటి, రెండోది ఏమిటి, మూడోది ఏమిటి, ఏ ప్రమాణంలో కొలిచారు, ఒక్కో మెట్టు ఎంత అన్నది అందులో విడివిడిగా రాసి ఉంటుంది. 'మూడో అక్షం: వేగం, సెకనుకు ఇన్ని మీటర్లు' అని అక్కడే ఉంటుంది. బ్లెండర్ ఫిట్స్‌ను నేరుగా చదవదు. పైథాన్‌లోని ఆస్ట్రోపై లైబ్రరీతో తెరిచి, అంకెలను మాత్రం తీసి, ఓపెన్‌వీడీబీ లాంటి వాల్యూమ్ (ఘనాకారంలో పేర్చిన అంకెల) ఫార్మాట్‌లోకి మార్చి ఇవ్వాలి (2020లో వచ్చిన 2.83 వెర్షన్ నుంచి బ్లెండర్ దాన్ని తీసుకుంటోంది). ఈ మార్పిడిలో అంకెలు దాటుతాయి, తలకట్టు ఒడ్డునే ఉండిపోతుంది. అవతలకు చేరాక ఎక్స్, వై, జెడ్ తప్ప మరేమీ మిగలదు. మూడో అక్షం ఏమిటో ఇక సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. తెలిసింది దాన్ని నడిపే మనిషికే, చెప్పాల్సిందీ ఆ మనిషే.

మళ్లీ ఎన్‌జీసీ 3198 దగ్గరికి వెళ్దాం. ఆ డేటా థింగ్స్ అనే సర్వేలోది. అమెరికాలోని న్యూ మెక్సికోలో 27 డిష్‌లున్న వెరీ లార్జ్ ఎరే టెలిస్కోపుతో దగ్గరి గెలాక్సీలు 34ను ఆ సర్వేలో పరిశీలించారు, ఫలితాలు 2008లో వచ్చాయి. చల్లటి హైడ్రోజన్ 1420.4 మెగాహెర్ట్జ్ దగ్గర సన్నటి రేడియో సంకేతం ఇస్తుంది. వాయువు మన వైపు వస్తుంటే ఆ సంఖ్య కాస్త పెరుగుతుంది, దూరంగా పోతుంటే తగ్గుతుంది. రైలు దగ్గరికి వచ్చేటప్పుడు, దాటిపోయేటప్పుడు కూత మారినట్టే. అందుకని టెలిస్కోపు ఒకే ఫొటో తీయదు. ఫ్రీక్వెన్సీని సన్నటి ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు ఒక్కో ఫొటో తీస్తుంది. ఈ సర్వేలో ఒక్కో ముక్క మందం సెకనుకు 5.2 కి.మీ. లేదా అంతకన్నా తక్కువ. ఎన్‌జీసీ 3198 మొత్తంగా మన నుంచి సెకనుకు దాదాపు 660 కి.మీ. వేగంతో దూరమవుతోంది. దాని పళ్లెం తిరుగుతోంది కాబట్టి ఒక పక్క అంతకన్నా 140 చిల్లర ఎక్కువ, రెండో పక్క అంతే తక్కువ. అంటే సంకేతం ఉన్న ముక్కలు 50కి పైనే. వాటిని పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి పేరిస్తే వచ్చేదే డేటా క్యూబ్. బ్లెండర్‌లో మనం తిప్పేది ఆ పేకకట్టనే.

ఇప్పుడు రిబ్బను సంగతి. గెలాక్సీ నడిమి భాగంలో కేంద్రం నుంచి బయటికి జరిగేకొద్దీ వేగం గబగబా మారుతుంది. రిబ్బను నడుమ నిటారుగా లేవడం అందుకే. ఆ తర్వాత, వెలుగు పలచబడిపోయిన చోటు దాటి, నక్షత్రాలు దాదాపు లేని అంచు దాకా వెళ్లినా వేగం సెకనుకు 150 కి.మీ. దగ్గర అలాగే నిలబడి ఉంటుంది. కొసలు చదునుగా సాగడం అందుకే. మన సౌరమండలంలో ఇలా జరగదు. బుధుడు సెకనుకు 47 కి.మీ. వేగంతో తిరిగితే భూమి 30, నెప్ట్యూన్ 5.4 మాత్రమే. బరువంతా నడిమి సూర్యుడిలో ఉంది కాబట్టి దూరం పెరిగేకొద్దీ వేగం పడిపోతుంది. గెలాక్సీ బరువు కూడా కనిపించే నక్షత్రాల్లోనే ఉంటే ఆ రిబ్బను కొసలు మళ్లీ నడిమి గీత వైపు వంగాలి. వంగవు. 1985లో నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ టెలిస్కోపు కొలతలతో ఈ గెలాక్సీయే కృష్ణ పదార్థం (కంటికి కనిపించకుండా బరువు మాత్రమే చూపే పదార్థం) చర్చలో పాఠ్యపుస్తక ఉదాహరణ అయింది. ఖగోళవేత్త వేరా రూబిన్ అంతకు పదిహేనేళ్ల ముందు ఆండ్రోమెడా గెలాక్సీలో చూపిన తీరే ఇది. కాగితం మీద గ్రాఫుగా గీస్తే ఒక గీత. క్యూబ్‌గా తిప్పి చూస్తే, గెలాక్సీలోని ప్రతి మూలా ఏ వేగంతో ఉందో ఒక్క చూపులో కనిపిస్తుంది. పళ్లెం అంచులు వంకర తిరిగాయా, పక్క గెలాక్సీ లాగిన వాయువు తోకలా వేలాడుతోందా, ఏదైనా మేఘం తిరుగుడుకు విరుద్ధంగా పోతోందా అన్నవి రెండు కొలతల బొమ్మలో ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. వేగం అక్షం వాటిని విడదీస్తుంది. కాబట్టి ఆ రిబ్బను అబద్ధం కాదు. ఆకారం అనుకుంటేనే అబద్ధం.

ఆ అక్షాన్ని ఎంత పొడవు పెట్టాలి? కోణానికీ వేగానికీ మారకం రేటు లేదు, సేరుకూ గజానికీ లేనట్టే. రెట్టింపు సాగదీసినా తప్పు కాదు, సగానికి నొక్కినా తప్పు కాదు. కానీ సాగదీసిన కొద్దీ రిబ్బను నాటకీయంగా కనిపిస్తుంది. నొక్కితే, చూసేవాడికి 'ఇదేదో పళ్లెం' అన్న భ్రమ తిరిగి వస్తుంది. చాలామంది ఏమీ ఆలోచించకుండా ఒక పిక్సెల్‌కు ఒక ముక్క చొప్పున సమానంగా పెట్టేస్తారు. అదీ ఒక నిర్ణయమే. కాకపోతే తీసుకున్నట్టు కూడా తెలియని నిర్ణయం.

రంగూ వెలుగూ అద్దేటప్పుడు మరో మూడు నాలుగు నిర్ణయాలు ఇలాగే చడీచప్పుడు లేకుండా జరిగిపోతాయి. బ్లెండర్‌లో వాల్యూమ్‌కు పొగలా, మబ్బులా కనిపించే గుణాలు సిద్ధంగా ఉంటాయి. పక్క నుంచి దీపం పెడితే ఒక వైపు వెలుగు, మరో వైపు నీడ. చూడముచ్చటగా ఉంటుంది, భౌతికంగా తప్పు. 21 సెం.మీ. హైడ్రోజన్ సంకేతం దాదాపు అడ్డు లేకుండా వాయువును దాటి వచ్చేస్తుంది. ముందున్న మేఘం వెనకున్నదాన్ని కప్పదు, ఏదీ దేని మీదా నీడ పడేయదు. కాబట్టి వెదజల్లే గుణం తీసేసి, ఎమిషన్ ఒక్కటే ఉంచాలి. ప్రతి గడీ తన వెలుగు తానిస్తుంది, దారిలో అన్నీ కూడుకుంటాయి. తర్వాత రొద. రేడియో డేటాలో ఖాళీ ఆకాశం కూడా సున్నా కాదు, అటూ ఇటూ ఊగుతుంటుంది. ఏ స్థాయి దాటితే చూపించాలి? రొద సగటు ఊగుడుకు మూడు రెట్ల దగ్గర గీత గీస్తే గెలాక్సీ చుట్టూ ఇసుక చల్లినట్టుంటుంది. ఐదు రెట్ల దగ్గర గీస్తే బొమ్మ శుభ్రం, కానీ అంచుల్లోని పలచటి వాయువు కూడా ఇసుకతో పాటే ఊడ్చుకుపోతుంది. ఆఖరుకు రంగు. 2023 నవంబరులో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి బ్లెండర్ తనంతట తానే ఏజీఎక్స్ అనే రంగుల సర్దుబాటు చేస్తుంది. వెలుగు మితిమీరిన చోట రంగును తెల్లదనం వైపు మళ్లించి, సినిమా కెమెరాలా మెత్తగా చూపిస్తుంది. దృశ్యానికి అది వరం. పక్కన వేసిన రంగుల స్కేలుకూ బొమ్మలోని రంగుకూ సరిపోలాల్సిన చోట మాత్రం శాపం. ఒక్క మెనూలో స్టాండర్డ్ అని మారిస్తే సరిపోతుంది. మార్చాలని తెలియాలి, అంతే.

వేగాన్ని నిజంగానే దూరంగా మార్చుకోగలిగిన చోటు ఒకటుంది. పేలిన నక్షత్రం. కాసియోపియా ఎ అనే శిథిలం మనకు సుమారు 11,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడి నక్షత్రం పేలిన వెలుగు భూమికి చేరి దాదాపు 340 ఏళ్లు అయింది. అన్ని ముక్కలూ ఒకే చోట, ఒకే సమయంలో బయల్దేరాయి కాబట్టి, ఏ ముక్క ఎంత వేగంతో మన వైపు వస్తోందో తెలిస్తే దాన్ని ఏళ్లతో గుణిస్తే చాలు. సెకనుకు 5,000 కి.మీ. వేగంతో 340 ఏళ్లంటే సుమారు 5.7 కాంతి సంవత్సరాలు. శిథిలం వెడల్పును ఆకాశంలో కొలిస్తే కేంద్రం నుంచి అంచుకు దాదాపు అంతే వస్తుంది. రెండు వేర్వేరు దారుల్లో వచ్చిన లెక్కలు ఒకచోట కలిశాయి. ట్రేసీ డిలేనీ బృందం చంద్రా ఎక్స్‌రే టెలిస్కోపు, స్పిట్జర్ పరారుణ టెలిస్కోపు కొలతలతో 2009లో ఇలాంటి నమూనా ప్రకటించింది. తర్వాత దాన్ని త్రీడీ ముద్రణతో అరచేతిలో పట్టేలా తయారుచేశారు. చూపు లేనివారు వేళ్లతో తడిమి తెలుసుకోగలిగిన నక్షత్ర శిథిలం అది. దారిలో గ్యాస్‌కు తగిలి కొన్ని ముక్కలు నెమ్మదించాయి కాబట్టి గుణకారానికి సవరణ అవసరమే. అయినా ఇక్కడ మూడో అక్షం మీద నిజంగా లోతే ఉంది.

అదే గుణకారాన్ని గెలాక్సీల గుంపుల మీద చేస్తే ఏమవుతుందో విశ్వపటాలు చూసినవాళ్లకు తెలుసు. విశ్వం వ్యాకోచిస్తోంది కాబట్టి ఎంత వేగంగా దూరమవుతుంటే అంత దూరంలో ఉన్నట్టు. దూరపు గెలాక్సీలకు ఇదే కొలబద్ద. 1986లో వాలెరీ ద లాపరెంట్, మార్గరెట్ గెల్లర్, జాన్ హుక్రా సుమారు 1,100 గెలాక్సీలతో ఇలాంటి పటం వేస్తే నడుమ కాళ్లూ చేతులూ చాపిన మనిషి బొమ్మ ఒకటి కనిపించింది. ఆ మనిషి మొండెం కోమా గెలాక్సీ గుంపు. నిజానికి ఆ గుంపు అంత పొడవు లేదు. గుంపులోని గెలాక్సీలు తమలో తాము సెకనుకు దాదాపు వెయ్యి కి.మీ. వేగంతో అటూ ఇటూ పరుగెడుతుంటాయి. ఆ పరుగును కూడా వ్యాకోచం ఖాతాలో వేస్తే, దూరంలో 4 కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా తేడా వస్తుంది. గుండ్రటి గుంపు సన్నటి కడ్డీలా సాగుతుంది. విచిత్రం ఏమిటంటే ఆ కడ్డీలన్నీ, పటంలో ఎక్కడున్నా, భూమి వైపే గురిపెట్టి ఉంటాయి. ఖగోళవేత్తలు వీటిని దేవుడి వేళ్లు అంటారు. ఇంత పెద్ద విశ్వంలో ఏదైనా సరిగ్గా మన వైపే వేలు చూపిస్తోందంటే, ఆ వేలు విశ్వానిది కాదు, మన కొలతది.

నక్షత్రాల పటాల్లోనూ ఇదే వేలు మరో వేషంలో వస్తుంది. ఐరోపా వారి గయా ఉపగ్రహం 2013 డిసెంబరులో వెళ్లి 2025 జనవరి దాకా ఆకాశాన్ని కొలిచింది. 2022లో విడుదలైన మూడో జాబితాలో 181 కోట్ల ఖగోళ వస్తువులు ఉన్నాయి. అందులో 146 కోట్లకు పైగా వాటికి పారలాక్స్ ఉంది. చాచిన చేతి బొటనవేలును ఒక కన్ను మూసి, ఆపై రెండోది మూసి చూస్తే వేలు జరిగినట్టు కనిపిస్తుంది కదా, అదే సూత్రం. ఇక్కడ రెండు కళ్లు భూకక్ష్యకు రెండు వైపులా ఉంటాయి. ఆ జరుగుడు ఎంత చిన్నదైతే నక్షత్రం అంత దూరం. దూరం కావాలంటే ఒకటిని పారలాక్స్‌తో భాగించాలి. చిక్కు ఆ భాగారంలోనే ఉంది. ఒక మసక నక్షత్రం పారలాక్స్ 0.2 మిల్లీ ఆర్క్‌సెకన్లు (ఒక్కొక్కటి డిగ్రీలో 36 లక్షల వంతు), పొరపాటు అంచనా 0.07 అనుకుందాం. గయాలో 17వ ప్రకాశ తరగతి దగ్గర పొరపాటు ఇంచుమించు అంతే. లెక్క ప్రకారం దూరం 16,000 కాంతి సంవత్సరాల పైచిలుకు. పొరపాటు ఒక వైపు పోతే 12,000, రెండో వైపు పోతే 25,000. పారలాక్స్‌లో అటూ ఇటూ సమానంగా ఉన్న సందేహం దూరంలోకి వచ్చేసరికి ఒక వైపే తోకలా సాగిపోయింది. కొన్ని నక్షత్రాలకు పారలాక్స్ రుణ సంఖ్యగా కూడా వస్తుంది. పైథాన్‌లో ఒక్క వరుసలో భాగారం రాసేసి కోటి చుక్కలను బ్లెండర్‌లోకి దించితే, ఆ రుణ నక్షత్రాలు ఆకాశంలో సరిగ్గా ఎదుటి వైపు వెళ్లి కూర్చుంటాయి. దూరపు నక్షత్రగుచ్ఛాలు సూర్యుడి నుంచి బయటికి చీల్చిన ఈనెల్లా కనిపిస్తాయి. కోరిన్ బెయిలర్-జోన్స్ బృందం సంభావ్యత లెక్కలతో కట్టిన దూరాల పట్టికను విడిగా ప్రచురించింది. దాన్ని వాడితే ఈనెలు తగ్గుతాయి, పూర్తిగా పోవు.

దీనికి తెలుగువాళ్లు బాగా ఎరిగిన ఉదాహరణ పెళ్లి మండపంలోనే ఉంది. అరుంధతీ వసిష్ఠుల మధ్య ఎడం ఆకాశంలో 12 కోణ నిమిషాలు, పున్నమి చంద్రుడి వెడల్పులో సగం కన్నా తక్కువ. రెండూ సుమారు 82 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి కాబట్టి అడ్డంగా ఆ ఎడం 0.28 కాంతి సంవత్సరాలు. ఇందులో సందేహం దాదాపు లేదు. ముందు వెనకల సంగతి వేరు. 82లో ఒక్క శాతం పొరపాటు దొర్లినా 0.8 కాంతి సంవత్సరాలు, అంటే అడ్డపు ఎడానికి దాదాపు మూడు రెట్లు. పైగా వసిష్ఠుడంత వెలుగున్న నక్షత్రాలు గయా కళ్లకు మరీ ఎక్కువ, సరిగా కొలవలేదు. కాబట్టి బ్లెండర్‌లో ఆ ఇద్దరినీ రెండు గోళాలుగా పెట్టి కెమెరాను పక్కకు తిప్పితే, ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది తెర ధీమాగా చూపిస్తుంది. డేటాకు అంత ధీమా లేదు. చుక్కకు బదులు, మన చూపు వెంట పొడవుగా సాగిన కోడిగుడ్డులాంటి ఆకారం పెడితే నిజానికి దగ్గరగా ఉంటుంది. చూడ్డానికి అంత అందంగా ఉండదు, అందుకే ఎవరూ పెట్టరు. సప్తర్షుల్లో మిగతావారి సంగతిలో మాత్రం పేచీ లేదు. నడిమి ఐదుగురూ దాదాపు 80 కాంతి సంవత్సరాల దగ్గర ఒకే జట్టుగా కదులుతున్నారు. రెండు కొసల్లోని క్రతువు, మరీచి 100కి పైగా దూరంలో తమ దారిన తాము పోతున్నారు. కెమెరాను కాస్త పక్కకు జరిపితే చాలు, గరిటె ఆకారం విడిపోతుంది.

నక్షత్రాల కదలిక అంకెల వెనక హైదరాబాద్ కూడా ఉంది. 1887లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ ఆకాశ పటం పథకంలో ఆకాశాన్ని పట్టీలుగా కోసి వేధశాలలకు పంచారు. దక్షిణ ఆకాశంలో 17 నుంచి 23 డిగ్రీల పట్టీ హైదరాబాద్‌లోని నిజామియా వేధశాల వంతుకు వచ్చింది. అక్కడ గాజు పలకల మీద తీసిన ఫొటోల్లో నక్షత్రాల స్థానాలను చేత్తో కొలిచి సంపుటాలుగా అచ్చు వేశారు. నక్షత్రం కదలిక తెలియాలంటే పాత స్థానం ఒకటి కావాలి, ఎంత పాతదైతే అంత మంచిది. 2000లో వచ్చిన టైకో-2 జాబితా 25 లక్షల నక్షత్రాల కదలికలను లెక్కగట్టింది ఆ పథకంలోని పాత స్థానాలను, మరికొన్ని పాత జాబితాలను హిప్పార్కోస్ ఉపగ్రహపు కొలతలతో పోల్చే. లక్ష ఏళ్ల తర్వాత నక్షత్రమండలాలు ఎలా మారతాయో చూపే యానిమేషన్లలో, మొదటి కీఫ్రేమ్ (కదలిక మొదలయ్యే స్థానం) కొంత గాజు పలక మీదిదే అనవచ్చు.

ఇవన్నీ దూరపు వస్తువులు. దగ్గరికి వస్తే పని తేలికవుతుంది, ఎందుకంటే అక్కడ మూడో అక్షం నిజంగా కొలిచిందే. చంద్రుడి చుట్టూ 2009 నుంచి తిరుగుతున్న నాసా నౌక ఎల్‌ఆర్‌ఓలోని లేజర్ పరికరం నేల ఎత్తుపల్లాలను కొలిచింది. ఆ పటాన్ని, రంగుల పటాన్ని కలిపి నాసా త్రీడీ కళాకారుల కోసమే ఒక కిట్‌గా ఉచితంగా ఇస్తోంది. గోళానికి తొడిగి, ఎత్తుల పటాన్ని డిస్‌ప్లేస్‌మెంట్‌గా (అంకెను బట్టి నేలను పైకి లేపే గుణంగా) పెడితే చంద్రుడు సిద్ధం. ఇక్కడ కొత్తవాళ్లు పడే గుంత ఒకటుంది. ఎత్తుల పటం కూడా ఫైలు రూపంలో నలుపు తెలుపు బొమ్మే కాబట్టి బ్లెండర్ దాన్ని ఫొటో అనుకుని, తెర కోసం చేసే వెలుగు సవరణను విప్పేస్తుంది. సగం ఎత్తుకు గుర్తుగా ఉన్న 0.5 కాస్తా 0.21 అవుతుంది. పల్లాలు చదునవుతాయి, శిఖరాలు మాత్రం సూదిగా నిలబడతాయి. బొమ్మ బాగానే ఉంటుంది, అందుకే తప్పు దొరకదు. కలర్ స్పేస్ అన్నచోట నాన్-కలర్ అని పెట్టాలి. దీపం కూడా ఒక్కటే ఉండాలి, అర డిగ్రీ వెడల్పున్న సూర్యుడు. గాలి లేదు కాబట్టి నేపథ్యపు వెలుగు సున్నా చేయాలి, లేకపోతే నీడల్లోకి లేని ఆకాశం వెలుగు కారుతుంది. చంద్రయాన్-3 దిగిన 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 20 డిగ్రీలకు పైన పెద్దగా ఎక్కడు. చిన్న రాయికి కూడా పొడవాటి నీడ పడుతుంది. ఎత్తుపల్లాలను ఒక్క పిసరు పెంచకుండా అలాగే ఉంచినా, ఆ నీడలే కావలసినంత నాటకం ఆడతాయి.

పెంచే అలవాటు మాత్రం పాతది. 1990 నుంచి శుక్రుడిని రాడార్‌తో పటం తీసిన మాజెల్లాన్ నౌక డేటాతో నాసా చేసిన కొన్ని దృశ్యాల్లో నిలువు కొలతను 22.5 రెట్లు పెంచారు. పళ్లెంలాంటి మెత్తటి వాలున్న అగ్నిపర్వతాలు హిమాలయాల్లా లేచాయి. నారింజ రంగు నేల మాత్రం అంతకుముందు అక్కడ దిగిన సోవియట్ వెనెరా నౌకల ఫొటోల నుంచి తెచ్చింది. పెంచిన సంగతి కింద రాశారు కూడా. కానీ బొమ్మ పత్రికల్లోకి, టీవీల్లోకి వెళ్లింది, కింది రాత వెళ్లలేదు. చిరాకెత్తిన గ్రహ శాస్త్రవేత్త డేవిడ్ మారిసన్ 'చదును శుక్రుడి సంఘం' ఒకటి పెట్టాలని వేళాకోళం చేశారు. ఆ గ్రహం చాలావరకు మైదానమే మరి.

సౌరమండలం మొత్తాన్ని ఒకే దృశ్యంలో అసలు కొలతలతో పెట్టాలనుకుంటే సాఫ్ట్‌వేర్ గణితమే అడ్డు తగులుతుంది. బ్లెండర్ స్థానాలను ఏడు అంకెల వరకే కచ్చితంగా గుర్తుపెట్టుకుంటుంది. కిలోమీటరును ఒక యూనిట్ అనుకుంటే, సూర్యుడి నుంచి 15 కోట్ల కి.మీ. దూరంలో రెండు పక్కపక్క స్థానాల మధ్య ఎడం 16 కి.మీ. ఉంటుంది. అంతకన్నా చిన్న అంతరిక్ష నౌక అక్కడ కదలదు, గెంతుతుంది. గయా స్కై, ఓపెన్‌స్పేస్ లాంటి సాఫ్ట్‌వేర్‌లు కెమెరా ఎక్కడుంటే అక్కడినుంచే లెక్క మొదలెట్టి ఈ ఇబ్బంది దాటుతాయి. అవి ఖగోళం కోసమే పుట్టినవి.

అన్నిటికన్నా కష్టమైనవి నీహారికలు. 6,500 కాంతి సంవత్సరాల దూరంలోని గరుడ నీహారికలో ధూళి స్తంభాలున్నాయి. హబుల్, వెబ్ అంతరిక్ష టెలిస్కోపుల ఫొటోలతో వాటి మధ్యగా ఎగిరే వీడియోను 2024 జూన్‌లో నాసా విడుదల చేసింది. దాని లోతు పూర్తిగా కల్పితం కాదు. చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోపు మీది మ్యూజ్ పరికరంతో అనా మెక్‌లియాడ్ బృందం 2015లో తేల్చిన సంగతులు అందుకు ఆధారం. ఎడమ స్తంభం కొన మన వైపు తిరిగి ఉంది, మిగతావాటి కొనలు అవతలికి తిరిగి ఉన్నాయి, కొన్ని వేడి నక్షత్రాలకు ముందు, కొన్ని వెనక ఉన్నాయి. అక్కడి దాకా కొలత. ఏ ముడత ఎంత లోతు, ఏ అంచు ఎంత మందం అన్నవి చేయి తిరిగినవాళ్లు ఆ కొలతకు తగ్గట్టు మలిచినవి. స్తంభాల వెనక వైపు రూపం మనకు కనిపించదు, ఏ టెలిస్కోపూ అటు నుంచి చూడలేదు. నమూనాకు మాత్రం వెనక వైపు ఉండి తీరాలి, దానికి ఏదో ఒక రంగు పూయాలి.

లూనా 3 నౌక 1959 అక్టోబరులో చంద్రుడి అవతలి ముఖంలో సుమారు 70 శాతాన్ని ఫొటో తీసింది. ఆ తర్వాత సోవియట్లు చేసిన చంద్రగోళం మీద చూడని ముక్కను ఖాళీగా వదిలేశారు. బ్లెండర్‌లో అలా వదిలేయడానికి ఒక మెటీరియల్‌ను బూడిద రంగులో పెడితే సరిపోతుంది. అలా వదిలేసిన నీహారిక వీడియోలు దొరకడం అరుదు.